డిస్కు సెక్టారు కొలత మారిన విధము

నేటి దినములలో పాఠశాలల మార్కుల పట్టికలు, గనులలో పనిచేయువారి జీతపు లెక్కలు, ఇంటింటి పెండ్లి ఛాయాచిత్రములు మొదలగునవి యన్నియు కంప్యూటరు డిస్కులలో నిలువ చేయబడుచున్నవి. కాగితపు చిట్టాకు పుట యెట్టిదో డిస్కునకు సెక్టారు అట్టిది. ఈ సెక్టారు కొలత సామాన్యులు వాడు కంప్యూటర్లలో పాతికేండ్లకు పైగా 512 బైట్లుగా నుండి, పిమ్మట 4096 బైట్లకు పెరిగెను. ఒక సంఖ్యకు బదులు మఱియొక సంఖ్య వచ్చినంత మాత్రమున నేమి యని తోచవచ్చును. కాని ఆ ప్రాత సంఖ్యను నమ్ముకొని ఎన్నియో పనులు కట్టబడియున్నవి. పునాది రాతి కొలత మార్చినచో మీది గోడ లెట్లు కదలునో యట్లే యీ మార్పు వలన కంప్యూటరు నడుపు ఏర్పాట్లన్నియు కదలెను. ఆ మార్పు ఎందుకు వచ్చెనో, ఆపరేటింగు సిస్టము దాని నెట్లు స్వీకరించెనో, మన వ్రాతల భద్రతకును దానికిని గల సంబంధ మేమో తెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

ముందుగా బైటు అన నేమో చూతము. సున్న గాని ఒకటి గాని యగు చిహ్నమునకు బిట్టని పేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆంగ్ల అక్షర మొకటి వ్రాయుటకు ఒక్క బైటు చాలును. ఇప్పుడు వాడుకలో నున్న యూనికోడు పద్ధతిలో, యూటీఎఫ్-8 అను వ్రాతక్రమమున, తెలుగు సంకేత మొక్కొక్కటికి మూడేసి బైట్లు కావలెను. మన యూరి పేరునే తీసికొందము. "మంచిర్యాల" అను మాటలో మ, సున్న, చ, గుడి, ర, పొల్లు, య, దీర్ఘము, ల అను తొమ్మిది సంకేతము లున్నవి. కనుక ఈ మాటకు 27 బైట్లు పట్టును. ఎడము విడువక ఈ మాటనే మరల మరల వ్రాసికొని పోయినచో 512 బైట్ల సెక్టారులో పదునెనిమిది మారులు పూర్తిగా పట్టును; పందొమ్మిదవ మారునకు ఒక్క బైటు చాలక మాట తెగి తరువాతి సెక్టారులోనికి పోవును. 4096 బైట్ల సెక్టారులో నూట యేబదియొక్క మారులు పట్టును.

డిస్కు ఒక్క బైటును గాని ఒక్క మాటను గాని విడిగా చదువజాలదు, వ్రాయజాలదు. సెక్టారు మొత్తముగా చదువవలెను, మొత్తముగా వ్రాయవలెను. ప్రతి సెక్టారునకు ఒక వరుస సంఖ్య యుండును. మనము "పదవ తరగతి మార్కులు" అని పేరిడి దాచిన ఫైలు ఏయే సంఖ్యల సెక్టార్లలో నున్నదో గుర్తుంచుకొని, అడిగినప్పుడు తెచ్చియిచ్చుట ఆపరేటింగు సిస్టము పని. విండోసు, లైనక్సు అనునవి యట్టివి. తెలుగువారి స్వేచ్ఛ సంస్థ తెలుగు భాషలో సిద్ధపరచిన సిస్టము కూడ లైనక్సు మీదనే నిలిచియున్నది. కాబట్టి లైనక్సులో డిస్కు విషయమై జరిగిన మార్పులు తెలుగున కంప్యూటరు వాడువారికిని చెందినవే.

ఇక పెద్ద సెక్టారు ఎందుకు కావలసి వచ్చెనో విచారింతము. భూగర్భ గనులలో బొగ్గును చిన్న టబ్బులకెత్తి, ఇనుప తాటితో లాగు హాలేజి మీద పైకి తెచ్చుట మన ప్రాంతపు పెద్ద లెఱిగినదే. టబ్బునకును టబ్బునకును నడుమ లింకు కావలెను, ఎడము కావలెను. టబ్బుల లెక్క వ్రాసికొనవలెను. పట్టాల మీద ఆ యెడములు ఆక్రమించు తావులో బొగ్గు పట్టదు గదా! డిస్కు పళ్లెము మీది వలయములలో సెక్టార్లును ఇట్లే వరుసగా నుండును. ఒక్కొక్క సెక్టారునకు ముందు కొంత ఎడమును, "ఇచ్చట సెక్టారు మొదలగుచున్నది" అని తెలుపు గుర్తును, చివర దోష సవరణ సంకేతమును ఉండవలెను. ఈ సంకేత మనగా, చదువునప్పుడు కొన్ని బిట్లు చెడినను వానిని లెక్కచేసి సరిదిద్దుటకు ముందుగానే వ్రాసియుంచు అదనపు బైట్లు.

512 బైట్ల సెక్టారునకు ఎడము మొదలగు వానికి సుమారు 15 బైట్లు, సవరణ సంకేతమునకు 50 బైట్లు పోవుచుండెను. అనగా 512 బైట్ల సరకు నిలుపుటకు 577 బైట్ల తావు, నూటికి 88.7 వంతులు మాత్రమే సరకు. ఎనిమిది చిన్న సెక్టార్లను కలిపి 4096 బైట్ల పెద్ద సెక్టారుగా చేసినచో ఎడమునకు 15, సంకేతమునకు 100 బైట్లు చాలును. 4096 బైట్ల సరకునకు 4211 బైట్ల తావు, నూటికి 97.3 వంతులు సరకే. సవరణ శక్తియు దీనివలన పెరిగెను. ఏలయన, ఏటేట బిట్లను మఱింత దగ్గరగా, మఱింత చిన్నవిగా వ్రాయుచుండుటచే, పళ్లెము మీది గీత పూర్వము కొన్ని బిట్లను చెఱచినచో ఇప్పుడు అనేక బిట్లను చెఱచును. ఎనిమిది చోట్ల విడివిడిగా నున్న చిన్న సంకేతములకంటె, ఒకచోట కూడియున్న నూరు బైట్ల పెద్ద సంకేతము అట్టి పొడవైన దెబ్బకు బాగుగా తట్టుకొనును.

512 అను సంఖ్య ఆదినుండి యున్నది కాదు. 1956లో ఐబీఎం సంస్థ రామాక్ అను యంత్రముతో డిస్కును లోకమునకు తెచ్చినప్పుడు అందు ఏబది పళ్లెములును, నూరేసి అక్షరముల సెక్టార్లు ఏబది వేలును ఉండెను. అనగా మొత్తము ఏబది లక్షల అక్షరములు. 1981లో ఆ సంస్థయే వెలువరించిన పర్సనల్ కంప్యూటరు ఫ్లాపీలలోను, 1983 నాటి ఎక్స్‌టీ యంత్రములోని 10 మెగాబైట్ల డిస్కులోను సెక్టారు 512 బైట్లుగా నుండెను. ఆ యంత్రములు లోకమంతట వ్యాపించుటచే ఆ సంఖ్య స్థిరపడెను. ప్రోగ్రాములు వ్రాయువారు "సెక్టారు ఎంత?" అని డిస్కును అడుగుట మాని, తమ వ్రాతలలో 512 అని తామే వేసికొనజొచ్చిరి.

దీనికి తోడు మఱియొక చిక్కు వచ్చెను. డిస్కును విభాగములుగా పంచు ప్రాత పట్టికలో సెక్టారు సంఖ్యకు 32 బిట్లు మాత్రమే ఏర్పరచిరి. 32 బిట్లతో 429 కోట్ల చిల్లర సంఖ్యలకు మించి వ్రాయలేము. వానిని 512 చేత హెచ్చించినచో సుమారు 2.2 టెరాబైట్లగును. అంతకు మించిన డిస్కు కొన్నను ఆ పట్టికకు పైభాగము కనబడదు. ఈ పట్టికలోని సంఖ్యల నట్లే యుంచి సెక్టారును 4096 చేసినచో హద్దు ఎనిమిది రెట్లు పెరిగి 17.6 టెరాబైట్లగును.

ఈ కారణములచే డిస్కులు చేయువారి అంతర్జాతీయ సంఘమైన ఇడెమా ఆధ్వర్యమున 4096 బైట్ల సెక్టారు ప్రమాణముగా నేర్పడెను. దానికి "అడ్వాన్స్‌డ్ ఫార్మాట్" అని పేరిడిరి. 2009 సంవత్సరాంతమున అట్టి డిస్కులు విపణిలోనికి రా మొదలిడెను. 2011 జనవరి నుండి తమ క్రొత్త డిస్కులలో ఈ పద్ధతినే వాడుదుమని తయారీదారు లొప్పుకొనిరి.

అయితే ప్రాత ఆపరేటింగు సిస్టములు 512 తప్ప మఱియొక కొలత నెఱుగవు. వానికి డిస్కు ఒక్కసారిగా "నా సెక్టారు 4096" అని చెప్పినచో అవి పనిచేయవు. అందుచే తయారీదారులు ఒక ఉపాయము పన్నిరి. పళ్లెము మీద 4096 బైట్ల సెక్టార్లనే వ్రాయుచు, కంప్యూటరుతో మాత్రము 512 అని చెప్పు డిస్కులను చేసిరి. వీనిని 512-ఇ అందురు. లోపలను వెలుపలను 4096 అనియే చెప్పు డిస్కులకు 4కె-ఎన్ అని పేరు.

ఈ ఉపాయమునకు వెల లేకపోలేదు. ఆపరేటింగు సిస్టము 512 బైట్లను మాత్రము వ్రాయుమని యడిగినదనుకొనుడు. డిస్కు ఏమి చేయవలెను? ముందుగా 4096 బైట్ల పెద్ద సెక్టారు నంతయు చదువవలెను. అందు 512 బైట్లను మార్చవలెను. పళ్లెము ఒక చుట్టు తిరిగి ఆ తావు మరల వచ్చువరకు వేచియుండి మొత్తమును తిరిగి వ్రాయవలెను. ఇందుచే పని మందగించును. అంతకు మించిన అపాయము వేఱొకటి గలదు. ఆ తిరిగి వ్రాయు క్షణముననే విద్యుత్తు ఆగిపోయినచో, మార్చబోయిన 512 బైట్లే కాక, వానితో కూడియున్న తక్కిన 3584 బైట్లకును హాని కలుగవచ్చును. అవి ఏనాడో వ్రాసి భద్రముగా నున్నవని మనము తలచిన వేఱొక ఫైలునకు చెందినవి కావచ్చును. ఒకరి యింటికి మరమ్మతు చేయబోగా, ఒకే గోడ నానుకొనియున్న పొరుగిండ్లకు బీట పడినట్లు!

ఆపరేటింగు సిస్టము 4096 బైట్ల చొప్పున వ్రాసినచో ఈ బెడద తీరవలెను గదా యని మీ రడుగవచ్చును. తీరును, కాని మొదలు సరిగా కుదిరినచో మాత్రమే. విండోస్ ఎక్స్‌పీ నాటి ఆచారము ప్రకారము డిస్కులో మొదటి విభాగము 63వ సంఖ్య గల సెక్టారుతో ఆరంభమగుచుండెను. 63ను ఎనిమిది నిశ్శేషముగా భాగింపదు. కనుక 63 మొదలు 70 వరకు గల ఎనిమిది చిన్న సెక్టార్లలో వ్రాయబోయినచో, అందు 63వది 56-63 సంఖ్యల పెద్ద సెక్టారులోను, తక్కిన యేడును 64-71 సంఖ్యల పెద్ద సెక్టారులోను పడును. ఒక్క వ్రాతకు రెండు పెద్ద సెక్టార్లను చదివి, మార్చి, తిరిగి వ్రాయవలసి వచ్చును. 1957లో దశాంశ నాణెములు వచ్చినప్పుడు నాలుగణాలకు 25 నయాపైసలు సరిగా కుదిరెను గాని, ఒక్క అణాకు ఆరుంబావు వచ్చి పెద్దలు చిక్కుపడిరి గదా! రెండు కొలతల హద్దులు కలియని చోట నెల్ల ఇట్టి చిక్కు తప్పదు. 2007లో వచ్చిన విస్టా మొదలుగా విండోసు విభాగములను 2048వ సెక్టారునొద్ద, అనగా సరిగా ఒక మెగాబైటు నొద్ద ఆరంభింప సాగెను. 2048ను ఎనిమిది నిశ్శేషముగా భాగించును గనుక హద్దులు కుదిరెను.

ఇక పెద్ద సెక్టార్లకు ఆపరేటింగు సిస్టములో జరిగిన మార్పులను సంగ్రహముగా చెప్పెదను. వాని కన్నిటికిని మూలము ఒక్కటే: ఊహించుట మాని అడుగుట. 2009లో వెలువడిన లైనక్సు 2.6.31లో డిస్కును రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగు ఏర్పాటు చేసిరి. "నీతో మాటలాడునప్పుడు వాడవలసిన కొలత యెంత? నీ లోపలి నిజమైన కొలత యెంత?" మొదటిదానికి లాజికల్ అనియు, రెండవదానికి ఫిజికల్ అనియు పేర్లు. 512-ఇ డిస్కు మొదటిదానికి 512 అనియు, రెండవదానికి 4096 అనియు ఉత్తరమిచ్చును. ఆ యుత్తరమును బట్టి విభాగములు చేయు పనిముట్లు హద్దులను కుదుర్చును. ఫైళ్లను అమర్చు భాగము తన గడిని సెక్టారుకంటె చిన్నది కాకుండ చూచుకొనును. డిస్కుతో నేరుగా వ్యవహరించు డేటాబేసు ప్రోగ్రాములు తాము పంపు సరకును సెక్టారు కొలతకు సరిపడునట్లు మలచుకొనవలెను. కంప్యూటరును మేల్కొలుపు ఫర్మువేరును, బూట్ లోడరును కూడ క్రొత్త కొలత నెఱుగవలెను. లేనిచో డిస్కు బాగుగనే యున్నను యంత్రము మేలుకొనదు. విండోసులో 4కె-ఎన్ డిస్కులకు పూర్తి యాదరణ 2012లో వచ్చిన విండోస్ 8తో కలిగెను.

ఇందొక వింత గలదు. నేటికిని లైనక్సు తన లోపలి లెక్కలలో సెక్టారన్న 512 బైట్లనియే యెంచును; డిస్కుతో మాటలాడు చోట మాత్రమే అసలు కొలతకు మార్చి చెప్పును. లెక్కకు వాడు కొలత వేఱు, సరకు ఎత్తు కొలత వేఱు కావచ్చునని గ్రహించుటచే, వేలకొలది చోట్ల వ్రాసియున్న ప్రాత లెక్కలను తిరుగవ్రాయు శ్రమ తప్పెను.

4096తో కథ ముగియలేదు. ఇప్పటి సాలిడ్ స్టేట్ డిస్కులలో తిరుగు పళ్లెములు లేవు, ఫ్లాష్ చిప్పులున్నవి. వానిలో వ్రాసినచోటనే మరల వ్రాయుటకు వీలులేదు. క్రొత్త చోట వ్రాసి, ఏది యెక్కడ నున్నదో ఒక పట్టికలో గుర్తుంచుకొనవలెను. డిస్కు పెద్దదైన కొలది ఆ పట్టికయు పెరిగి, దానిని నిలుపుటకు డిస్కులోనే అధికమైన మెమొరీ కావలెను. గడిని 4096 నుండి 16,384 బైట్లకు పెంచినచో పట్టిక నాలుగవ వంతునకు తగ్గును. కాని ఆపరేటింగు సిస్టమునకు ఇచ్చట మఱియొక గోడ అడ్డమయ్యెను. ఇంటెల్ 1985లో వెలువరించిన 80386 మొదలుగా ఆ జాతి చిప్పులలో మెమొరీని 4096 బైట్ల పేజీలుగా పంచుచున్నారు. డిస్కునుండి తెచ్చిన సరకును ఒక్కొక్క పేజీలో నుంచుట వాడుక. సెక్టారు పేజీకంటె పెద్దదైనచో అది ఒక పేజీలో పట్టదు. పెక్కు పేజీలను విడిపోకుండ ఒక కట్టగా పట్టుకొనవలెను. అట్టి కట్టలకు లైనక్సులో ఫోలియో అని పేరు. 2022 జనవరిలో వచ్చిన 5.16లో ఫోలియోలు ప్రవేశించెను. 2024 నవంబరు నాటి 6.12లో ఎక్స్ఎఫ్ఎస్ అను ఫైళ్ల ఏర్పాటు పేజీకంటె పెద్ద గడులను పట్టజొచ్చెను. 2025 మే నెలలో వెలువడిన 6.15తో 64 కిలోబైట్ల వరకు సెక్టారు గల డిస్కులకు దారి తెఱవబడెను.

అయితే పెద్దదెల్ల మేలని తలపరాదు. ఓపెన్ కాస్టు గనిలో పెద్ద డంపరు ఒక్క మాఱులో మోయు బొగ్గు చూచి ఆశ్చర్యపడుదుము. కాని ఒక యింటి పొయ్యికి తట్టెడు బొగ్గు కావలసినప్పుడు డంపరును పంపరు గదా! నూరు బైట్ల చిన్న చీటీ 4096 బైట్ల గడిలో పడినచో తక్కిన తావు ఊరక పోవును; 64 కిలోబైట్ల గడిలో ఇంకను పోవును. చిన్న చిన్న మార్పులు తఱచుగా చేయు పనులకు పెద్ద గడి భారమగును. చలనచిత్రములు, ఛాయాచిత్రములు మొదలగు పెద్ద ఫైళ్లకు పెద్ద గడి లాభము. పనిని బట్టి కొలత యుండవలెను.

తలిదండ్రులకును, కార్యాలయపు చిట్టాలు చూచువారికిని ఈ విషయమున తెలియదగిన దొకటి గలదు. యూఎస్‌బీ పెట్టెలో నమర్చిన కొన్ని డిస్కుల విషయములో, డిస్కు 512 అని చెప్పుచున్నను నడుమనున్న పెట్టె దానిని 4096గా మార్చి కంప్యూటరునకు చెప్పును. 2.2 టెరాబైట్ల హద్దును ప్రాత సిస్టములలో దాటుటకు ఇట్లు చేసిరి. కొన్నాళ్లకు పెట్టె చెడి, డిస్కును వెలికితీసి వేఱొకదానికి తగిలించినచో, కంప్యూటరు "ఈ డిస్కు ఖాళీ, ఫార్మాటు చేయుదునా?" అని యడుగవచ్చును. అప్పుడు తొందరపడి ఔనని చెప్పరాదు. విభాగముల పట్టికలోని సంఖ్యలు 4096 కొలతతో వ్రాయబడినవి. ఇప్పుడు 512 కొలతతో చదువబడుచున్నవి. మూరలతో గుర్తు చెప్పిన నిధిని జానలతో కొలిచి వెదకిన కనబడునా? నిధి యచ్చటనే యున్నది, కొలకఱ్ఱ మాఱినది. అట్టి డిస్కు మీద ఏమియు వ్రాయక, అదే విధమైన పెట్టెలో నుంచి చూచుటయో, తెలిసినవారికి చూపుటయో మేలు. ఒక డిస్కును ఉన్నదున్నట్లుగా మఱియొక డిస్కునకు నకలు తీయునప్పుడును రెంటి లాజికల్ కొలతయు ఒకటేనా యని ముందుగా చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విలువగల వ్రాతలకు వేఱొక డిస్కులో ప్రతి యుంచుకొనవలెను.

విద్యార్థులారా! 512 అను సంఖ్యను మొదట వాడినవారు తప్పు చేయలేదు. నాటి యంత్రమునకు అది తగినదే. చిక్కు వచ్చినది, ఆ సంఖ్య ఎన్నడును మాఱదని తలచి ప్రతివారును తమ తమ వ్రాతలలో దానిని నాటుటచేతనే. దానిని పెఱికి, "నీ కొలత యెంత?" అను ప్రశ్నను నాటుటకు ఎందఱో కూడి యేండ్ల తరబడి పాటుపడవలసి వచ్చెను. మీలో కొందఱు రేపు ప్రోగ్రాములు వ్రాయుదురు, కొందఱు గనులలోనో కార్యాలయములలోనో లెక్కలు చూచుదురు. ఏ లెక్కకు కూర్చుండినను, అందలి కొలత యెవరు ఎందుకు నిర్ణయించిరో, అది నేటికిని అట్లే యున్నదో లేదో అడిగి తెలిసికొనిన పిమ్మటనే కలము పట్టుడు.